దైవం ప్రకృతి, దయ్యం వికృతి

బడిలో తెలుగు వ్యాకరణం చదివిన ప్రతివాళ్లకూ ప్రకృతి-వికృతుల పట్టిక గుర్తుంటుంది. సముద్రం సంద్రమైంది, భక్తి బత్తి అయింది, రాత్రి రాతిరి అయింది. ఆ పట్టికలోనే ఒకచోట దైవం దయ్యమైంది. సంద్రం ఇప్పటికీ సముద్రమే, బత్తి ఇప్పటికీ భక్తే. దయ్యం మాత్రం దైవం కాకుండా పోయింది. పాత తెలుగులో ఈ మాటకు దేవుడన్న అర్థం ఉండేది. 1852లో అచ్చయిన సి.పి. బ్రౌన్ నిఘంటువు దయ్యం అన్న మాట కింద దేవుణ్నీ భూతాన్నీ రెంటినీ చూపింది. ఈనాడు ఎవరినైనా దయ్యమంటే దేవుడన్నట్టు అనుకోరు. ఇది మన భాషకే పట్టిన వింత కాదు. గ్రీకుల డైమోన్ మొదట మనిషికీ దేవుడికీ నడుమ ఉండే దివ్యశక్తి, సోక్రటీసును తప్పు పనుల నుంచి ఆపిందని చెప్పే లోపలి గొంతుకు ఆధారం ఆ మాటే. క్రైస్తవం వచ్చాక అదే ఇంగ్లీషు డీమన్‌గా దిగజారింది. మన దేవ శబ్దానికి తోబుట్టువైన పారసీకుల దఏవ జరతుష్ట్రుడి మతంలో పిశాచమైంది. మూడు భాషల్లో ఒకే జారుడు. వీడియో గేముల్లో రకరకాల దయ్యాల జాతులను, వాటి పుట్టుపూర్వోత్తరాలను చదివేవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఇదే. ఒక దయ్యం ఏ జాతిదో, ఎక్కడ పుట్టిందో చెప్పే గాథ అన్నిటికంటే చివర రాసిన భాగం. ముందు ఒక పేరు ఉంటుంది, చాలాసార్లు అది పక్కవాడి దేవుడి పేరు. తర్వాత ఆ పేరు ఒక జాబితాలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత హోదా, దాని వెనక అంకె వస్తాయి. పుట్టుక కథ ఆఖరున, అవసరం పడినప్పుడు, కొన్నిసార్లు రెండు మూడుసార్లు తిరగరాసి, అతికిస్తారు.

బాల్ అన్న పేరునే తీసుకుందాం. బ్లిజార్డ్ సంస్థ 2001లో విడుదల చేసిన డయాబ్లో రెండో ఆట అనుబంధంలో ఇతడు ఆఖరి శత్రువు. విధ్వంసానికి అధిపతి, కీటకం కాళ్లవంటి కాళ్ల మీద నిలబడే భారీ ఆకారం. ఆ ఆట లెక్కలో నరకానికి ఏడుగురు అధిపతులు. ద్వేషానికి మెఫిస్టో, భయానికి డయాబ్లో, విధ్వంసానికి బాల్ పెద్దలు. వాళ్ల కింద మరో నలుగురు. ఇప్పుడు ఆ పేరు పుట్టిల్లు చూడండి. 1928లో సిరియా సముద్రతీరాన ఒక రైతు నాగలికి పాత సమాధి రాయి తగిలింది. మరుసటి ఏడాది ఫ్రెంచి పురాతత్వవేత్తలు అక్కడికి దగ్గరలోని రాస్ షమ్రా దిబ్బను తవ్వితే ఉగారిత్ అనే నగరం బయటపడింది. అందులో దొరికిన మట్టిపలకల మీద బాల్ కథ ఉంది. అతడు వానదేవుడు, మేఘాలనెక్కి తిరిగేవాడు. సముద్రాన్ని ఓడించాడు, మృత్యువు చేతిలో పడి మళ్లీ లేచాడు. అతడు లేకపోతే పొలాలు ఎండిపోతాయని ఆ పలకలు చెబుతాయి. బాల్ అంటే ఆ భాషలో ప్రభువు, యజమాని. ఆ ఊళ్లకు పొరుగునే యెహోవాను కొలిచినవాళ్లకు ఈ ప్రభువు పోటీదారు. తెలుగు బైబిలు చదివినవాళ్లకు ఇతడు బయలు అన్న పేరుతో పరిచయమే. ఎక్రోను పట్టణపు బయల్జెబూబు, సువార్తల్లో దయ్యాలకు అధిపతిగా కనిపించే బయెల్జెబూలు, ఇద్దరూ ఆ పేరు కొమ్మలే. కరువు ప్రాంతంలో రైతు చేతులెత్తి మొక్కిన వానదేవుడు వేల ఏళ్లకు ఆటలో విధ్వంసానికి దొర అయ్యాడు. ఈ ఏడుగురూ ఎలా పుట్టారో విస్తారంగా చెప్పిన పుస్తకం 2011లో వచ్చింది, మొదటి ఆట వచ్చిన దాదాపు పదిహేనేళ్లకు. తాథమెట్ అనే ఏడు తలల మహాసర్పం చస్తే దాని తలల నుంచి ఏడుగురు పుట్టారట. దాన్ని ఎదిరించిన ఆదిపురుషుడి పేరు అను. అను అన్నది మెసపొటేమియా ఆకాశదేవుడి పేరు. కొత్తగా పుట్టుక కథ అల్లడానికి కూడా పాత దేవుళ్ల పేర్లే కావలసి వచ్చాయి.

వానదేవుడికీ ఆటకూ మధ్య ఒక గుమస్తా పని జరిగింది, అది తెలియకపోతే ఈ చరిత్ర అర్థం కాదు. నరకం ఒక రాజాస్థానం, అందులో రాజులూ డ్యూకులూ మార్క్విస్‌లూ ఉంటారు, ఒక్కొక్కరి కింద ఇన్ని దండులు ఉంటాయి అన్న ఊహ మధ్యయుగపు యూరప్‌ది. స్వర్గంలో దేవదూతలకు తొమ్మిది అంతస్తులు కట్టినవాళ్లు నరకానికీ అలాంటి నిచ్చెన వేశారు. తమ చుట్టూ ఉన్న జమీందారీ కొలువునే పాతాళానికి దించారు. ఈ జాబితాల్లో అన్నిటికంటే దూరం ప్రయాణించినది యోహాన్ వెయర్ అచ్చు వేసినది. ఇతడు వైద్యుడు, క్లీవ్స్ డ్యూక్ విలియం కొలువులో ఉండేవాడు. 1563లో దయ్యాల మాయల గురించి పెద్ద గ్రంథం రాశాడు. మంత్రగత్తెలని పట్టి కాల్చేస్తున్న ముసలమ్మల్లో చాలామంది మనోవ్యాధితో బాధపడుతున్నారని, వాళ్లకు కావలసింది చితి కాదు, చికిత్స అని ఆ కాలంలోనే వాదించిన ధైర్యశాలి. 1577 నాటి కూర్పుకు చివర ఒక అనుబంధం చేర్చాడు. అందులో 69 దయ్యాల పేర్లు, హోదాలు, ఆకారాలు, దండుల లెక్కలు ఉన్నాయి. మాంత్రికులు చాటుగా మోసుకు తిరిగే చెత్త ఎలాంటిదో అందరూ చూడాలని ఆయన ఉద్దేశం. ఎవరైనా ఆ ప్రకారం తంతు నడపబోతారేమోనని కొన్ని భాగాలు కావాలనే తీసేశానని కూడా చెప్పుకున్నాడు. ఆ అనుబంధం మొదట్లోనే బాల్ కనిపిస్తాడు, ఒక అక్షరం మార్పుతో. రాజు, మూడు తలలు, ఒకటి కప్పది, ఒకటి మనిషిది, ఒకటి పిల్లిది. గొంతు బొంగురు. కనబడకుండా పోయే విద్య నేర్పుతాడు. కింద 66 దండులు.

నమ్మవద్దని అచ్చు వేసిన కాగితం నమ్మేవాళ్ల చేతికి చేరింది. 1584లో రెజినాల్డ్ స్కాట్ మంత్రవిద్యల బండారం బయటపెడుతూ రాసిన ఇంగ్లీషు పుస్తకంలో ఈ జాబితాను అనువదించి చేర్చాడు, ఆయనా వెయర్ లాగే నమ్మనివాడే. 17వ శతాబ్దంలో పేరు తెలియని చేతులు దాన్నే పెంచి 72 చేసి, ఒక్కో దయ్యానికి ఒక్కో ముద్ర గీసి, సొలొమోను రాజు చిన్న తాళపుచెవి అన్న పేరుతో సాధకుల పుస్తకం చేశాయి. 1863లో పారిస్‌లో కోలాన్ ద ప్లాన్సీ నరక నిఘంటువు బొమ్మలతో వచ్చింది. ఆ బొమ్మలు గీసిన లూయీ ల బ్రెతాన్ బాల్ మూడు తలల కింద సాలీడు కాళ్లు పెట్టాడు. వెయర్ రాసిన వర్ణనలో సాలీడు లేదు, మూడు తలలే ఉన్నాయి. ఒక చిత్రకారుడి గీత ఆ దయ్యానికి శరీరమైంది. 1904లో మాథర్స్, క్రౌలీ అనే ఇద్దరు ఆ 72 పేర్ల పుస్తకాన్ని ఇంగ్లీషులో అచ్చు వేశారు. ఇవాళ ఏ గేమ్ కంపెనీలో అయినా దయ్యాల పేర్లు కావాలనుకున్నవాళ్ల బల్ల మీదికి ముందుగా వచ్చేవి ఈ రెండు పుస్తకాలే, ఒకటి పేర్లకు, ఒకటి బొమ్మలకు. పేరు, హోదా, ఆకారం, శక్తి, కింద ఉన్న బలగం అన్న ఈ అయిదు గడులూ వెయర్ కాగితం మీద అప్పటికే ఉన్నాయని గమనించండి. ఆటలో శత్రువుకు ఒక పేజీ కావాలంటే సరిగ్గా ఆ గడులే కావాలి. నాలుగు వందల ఏళ్ల ముందు ఒక వైద్యుడు ఎగతాళికి అచ్చు వేసిన పట్టిక ఆటల లెక్కకు అచ్చంగా సరిపోయింది.

ఆ సరిపోవడాన్ని పూర్తిచేసింది అమెరికా. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను అచ్చు వేశారు. కంప్యూటర్ లేదు, కాగితం, పెన్సిలు, పాచికలు. ఇవాళ్టి వీడియో గేముల్లో లెవెల్, ప్రాణశక్తి పాయింట్లు, శత్రువుల జాతులు అన్నవి అక్కడినుంచే వచ్చాయి. 1976 నాటి అనుబంధ పుస్తకంలో దయ్యాలు మొదటి రకం, రెండో రకం అంటూ ఆరో రకం దాకా వరసగా వచ్చాయి. పేర్లు కూడా అక్కర్లేదు, అంకె చాలు. అంకె పెరిగితే బలం పెరుగుతుంది. మరుసటి ఏడాది వచ్చిన భూతాల పుస్తకంలో డీమన్ వేరు, డెవిల్ వేరు అయ్యాయి. ఇంగ్లీషులో ఆ రెండు మాటలకూ మామూలు వాడుకలో పెద్ద తేడా లేదు. ఆటకు మాత్రం తేడా కావాలి. ఎందుకంటే ఆ ఆటలో ప్రతి పాత్రా మంచి-చెడు అన్న గీత మీద ఒకచోట, కట్టుబాటు-అరాచకం అన్న గీత మీద ఒకచోట నిలబడాలి. ఈ రెండో గీత పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ రాసిన నవలల నుంచి వచ్చింది. చెడ్డవై కట్టుబాటు గలవి డెవిళ్లయి, డాంటే కావ్యంలో లాగా తొమ్మిది అంతస్తుల నరకంలో స్థిరపడ్డాయి. చెడ్డవై కట్టుబాటు లేనివి డీమన్లయి 666 పొరల అగాధంలో పడ్డాయి. ఒకే మాటకు రెండు ఉచ్చారణల వంటి పేర్లు రెండు జాతులయ్యాయి, రెంటికీ వేల ఏళ్ల యుద్ధం మొదలైంది. పట్టికలో ఖాళీ గడి ఉంది కాబట్టి దాన్ని నింపే జాతి పుట్టింది.

ఆ జాతుల పుట్టుక ఎప్పుడు రాశారో చూస్తే నా వాదన తేటపడుతుంది. డీమన్లకు ముందు అంతకంటే ప్రాచీనమైన వేరే జాతి అగాధాన్ని ఏలిందని, డెవిళ్ల దొర అస్మోడియస్ దేవతలతో ఒప్పందం రాసుకున్నాడని వివరంగా చెప్పిన రెండు పుస్తకాలు 2006లో వచ్చాయి, జాతులు ఏర్పడిన ముప్పై ఏళ్లకు. రెండేళ్లు తిరగకుండానే, 2008 నాటి నాలుగో కూర్పులో కథ మారింది. డీమన్లు చెడిపోయిన పంచభూతశక్తులట, డెవిళ్లు తమ దేవుణ్ని చంపిన దేవదూతలట. ఈ మార్పులన్నిటి నడుమ సక్యుబస్ అనే ఒక్క పాత్రను వెంబడించండి. నిద్రలో మగవాళ్లను మోహపెట్టే ఆడపిశాచం అది, మన మోహినీ పిశాచం వంటిది. 1976లో అది డీమన్. 2008లో డెవిల్. 2014 నాటి అయిదో కూర్పులో ఆ రెండూ కాదు, ఎవరికీ చెందని మూడోది. రెక్కలు, అందం, చేసే పని ఏవీ మారలేదు. మారింది అది కూర్చున్న గడి. మధ్యలో మరో సంగతి జరిగింది. 1980లలో అమెరికాలో ఈ ఆట పిల్లలను సైతాను ఆరాధనకు లాగుతోందని పెద్ద గోల లేచింది. 1989లో రెండో కూర్పు వచ్చినప్పుడు ప్రచురణకర్తలు డీమన్, డెవిల్ అన్న మాటలే తీసేశారు. తర్వాత అవే జీవులు టనారీలు, బాటెజులు అన్న కల్పిత పేర్లతో తిరిగి వచ్చాయి. ఆ జాతులకు గంభీరమైన సొంత చరిత్ర ఉన్నట్టు కొత్త తరం ఆటగాళ్లు చదువుకున్నారు. దాని వెనక ఉన్నది తల్లిదండ్రుల ఫిర్యాదులు.

వార్‌క్రాఫ్ట్ ఆటల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2002లో వచ్చిన మూడో ఆటతో పాటు ఇచ్చిన చిన్న పుస్తకం ప్రకారం ఎరిడార్ అనే దుష్ట మాంత్రికజాతి దుర్మార్గం చూసీ చూసీ సార్గెరాస్ అనే మహావీరుడి మనసు విరిగింది, అతడు లోకాలను తగలబెట్టే దండుకు నాయకుడయ్యాడు. 2007లో కొత్త అనుబంధం వచ్చేసరికి కథ తలకిందులైంది. ఎరిడార్లు మొదట ఆర్గస్ అనే లోకంలో ఉత్తములు, సార్గెరాస్ వచ్చి వాళ్లను చెడగొట్టాడు, చెడనివాళ్లు కొందరు తప్పించుకుని డ్రెనై అయ్యారు. ఎందుకు మారింది? మంచి పక్షాన ఆడటానికి కొత్త జాతి ఒకటి కావలసి వచ్చింది, డ్రెనైలను ఎంచుకున్నారు. దయ్యాల జాతికి బంధువులైన మంచివాళ్లు కావాలంటే ఆ జాతి పుట్టుకతోనే చెడ్డదై ఉండకూడదు. పాత కథతో ఇది పొసగదని కొందరు ఆటగాళ్లు నిలదీస్తే కథారచయితల్లో పెద్ద అయిన క్రిస్ మెట్జెన్ పొరపాటు తనదేనని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీని నేను గౌరవిస్తాను. అయితే అది ఒక్క మనిషి పొరపాటు కాదనే అంటాను. పుట్టుక కథ అవసరాన్నిబట్టి వస్తుంది, అవసరం మారితే కథా మారుతుంది. మన స్థలపురాణాల్లోనూ గుడి పెరిగేకొద్దీ దేవుడి పూర్వకథ పెరగడం మనకు తెలిసిన విషయమే.

దీనికి మొదటి అభ్యంతరం ఊహించగలను. ఆట తయారుచేసేవాళ్లకు చరిత్రతో పనేమిటి, చెవికి భయంగా వినిపించే పేరు ఏది దొరికితే అది పెట్టుకుంటారు, దానిలో ఓడిపోయిన దేవుళ్లను వెతకడం పండితుల పని అంటారు. పేరు చెవిని బట్టే ఎంచుకుంటారన్నది నిజం. డెమోగోర్గన్ అన్న పేరే దానికి సాక్ష్యం. 1976 పుస్తకంలో రెండు కోతి తలల దయ్యాల రాజు ఇతడు, 2016 నుంచి ఒక అమెరికన్ సీరియల్ పుణ్యమా అని ఊరూరా తెలిసిన పేరు. ఇలాంటి దేవుడు ఏ ఊళ్లోనూ లేడు. లాటిన్ కావ్యం ఒకదానికి రాసిన పాత వ్యాఖ్యానంలో సృష్టికర్త అనే అర్థమిచ్చే డెమియుర్గోస్ అన్న గ్రీకు మాట ఉండేదని, ప్రతులు దింపేవాళ్ల చేతిలో అది ఈ రూపానికి చెడిందని పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకునే మాట. 14వ శతాబ్దంలో బొకాచియో దేవతల వంశవృక్షం రాస్తూ ఈ రాతతప్పును దేవుళ్లందరికీ మూలపురుషుణ్ని చేశాడు. మిల్టన్ ఆ పేరు వాడాడు, షెల్లీ తన నాటకంలో పాత్రగా పెట్టాడు. అయినా చూడండి, తప్పుపోయిన ఆ మాట అర్థం సృష్టికర్త. లేఖకుడి చేయి జారినా జారిన దారి పాతదే. చెవికి నచ్చిన పేరు తీసుకుంటారు సరే, కానీ చెవికి భయం నేర్పింది ఎవరు? బాల్ అన్న శబ్దంలో భయమేమీ లేదు, ఉగారిత్ రైతుకు అది వాన చప్పుడు. దాన్ని భయంగా వినడం రెండు వేల ఏళ్లకు పైగా సాగిన బోధన ఫలితం.

రెండో అభ్యంతరం బలమైనది. దయ్యాలన్నీ ఒకప్పటి దేవుళ్లు కావు కదా, పసిపిల్లలు చనిపోతే, కలలో ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఊపిరాడకపోతే మనుషులు ఊహించుకున్న దయ్యాలూ ఉన్నాయి కదా అన్నది. ఒప్పుకుంటాను. సక్యుబస్ అలాంటిదే. పూర్తిగా ఒక రచయిత ఊహ నుంచి వచ్చినవీ ఉన్నాయి. టోల్కీన్ నవలల్లోని బాల్రాగ్ అనే అగ్నిదయ్యం 1974 నాటి ఆట పుస్తకంలో ఉండేది. టోల్కీన్ రచనల హక్కుదారుల నుంచి నోటీసు వచ్చాక ఆ పేరు తీసేశారు, అలాంటి జీవే 1977లో ఆరో రకం డీమన్‌గా, బాలర్ అన్న పేరుతో కనిపించింది. బాలర్ అన్నది ఐర్లండ్ పురాణాల్లో ఒక రాజు పేరు. కంటిచూపుతో చంపేవాడు, దేవతల వంటి తుఆథ జాతి చేతిలో ఓడిపోయిన ఫొమోరియన్లకు నాయకుడు. వకీళ్ల నోటీసు వల్ల ఖాళీ అయిన గడిలోకి కూడా ఓడిపోయిన పక్షపు రాజు పేరే వచ్చి కూర్చుంది. కాబట్టి నా వాదనను కొంత సవరించుకుని చెబుతాను. రోగాల నుంచి, పీడకలల నుంచి పుట్టిన దయ్యాలు జాబితాల్లో కింది అంతస్తుల్లో ఉంటాయి, గుంపులుగా వస్తాయి, వాటికి సొంత పేర్లు తక్కువ. పై అంతస్తుల్లో సింహాసనాల మీద కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఒకప్పుడు గుడి ఉన్నవాళ్లే.

మన దగ్గరికి వస్తే లెక్క వేరేగా మొదలవుతుంది. ఋగ్వేదంలో అసుర అన్నది గౌరవవాచకం, వరుణుణ్ని, అగ్నిని, ఇంద్రుణ్ని కూడా అలా పిలిచారు. తర్వాతి కాలంలో అది శత్రువుల పేరైంది. సరిహద్దు అవతల పారసీకంలో సరిగ్గా ఎదురు జరిగింది. అసురుడు అహురమజ్దాగా పరమదేవుడయ్యాడు, దేవతలు పిశాచాలయ్యారు, వాళ్ల విందేవదాద్ గ్రంథంలో ఇంద్రుడి పేరు పిశాచాల జాబితాలో ఉంది. ఒకే ఇంటి పేర్లు, గోడకు ఆ పక్క ఒక లెక్క, ఈ పక్క ఒక లెక్క. ఆ జాబితాలోనే క్రోధానికి అధిపతి ఏష్మ అనే దఏవ ఉన్నాడు. ఏష్మదఏవ అన్న ఆ పేరే యూదుల కథల్లో అస్మోడియస్ అయిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. 1977లో అతడు తొమ్మిది నరకాలకు రాజు, డయాబ్లో ఆటల్లో అజ్మోడాన్. ఆ పేరు మధ్యలో నలిగి ఉన్న అక్షరాలు మన దేవ శబ్దానివే. ఇక మన పురాణాలు జాతులను ఎలా విడగొట్టాయో చూస్తే అంకెలూ హోదాలూ కనిపించవు, తల్లులు కనిపిస్తారు. తండ్రి ఒక్కడే, కశ్యపుడు. అదితి పిల్లలు ఆదిత్యులు, దితి పిల్లలు దైత్యులు, దనువు పిల్లలు దానవులు. రావణుడు, కుబేరుడు ఇద్దరూ విశ్రవసు కొడుకులే, తల్లులు వేరు. అందుకే దైత్యవంశంలో ప్రహ్లాదుడు, బలి పుట్టగలిగారు, పోతన భాగవతంలో ఆ ఇద్దరికీ ఉన్న చోటు ఏ దేవతకూ తీసిపోదు. జాతిని బట్టి గుణాన్ని ముందే రాసేసే పట్టికలో ప్రహ్లాదుణ్ని పెట్టే గడి లేదు. మాయాబజార్‌లో ఎస్వీ రంగారావు ఘటోత్కచుణ్ని చూసి తెలుగు పిల్లలు భయపడలేదంటే ఆ పాత్ర మనకు చుట్టమన్న సంగతి ఆ పిల్లలకు తెలుసన్నమాట.

మన రాక్షసుడు అమెరికా ఆటలోకి వెళ్లినప్పుడు ఏం జరిగిందో చూడండి. 1974లో అక్కడి టీవీలో వచ్చిన ఒక భయానక సీరియల్‌లో రాక్షసుడు తాను చంపబోయేవాళ్లకు బాగా నమ్మినవాళ్ల రూపంలో కనిపిస్తాడు, మంత్రించిన బాణంతోనే చస్తాడు. 1977 భూతాల పుస్తకంలో ఆ లక్షణాలే ఉన్నాయి, దానికి తోడు పులి తల, చేతిలో పొగపైపు ఉన్న బొమ్మ. కామరూపం మన కథల్లో ఉన్నదే, మారీచుడు లేడి అయ్యాడు. జాతి మొత్తానికీ పులి తల పెట్టడం మాత్రం వాల్మీకిది కాదు, వ్యాసుడిది కాదు. 2014 కూర్పు మరో అడుగు వేసి రాక్షసుల పుట్టుక చెప్పింది. నరకం నుంచి బయటపడాలనుకున్న డెవిళ్లు ఒక క్షుద్రకర్మ చేసి ఈ రూపం పొందారట. పులస్త్యుడి వంశం పోయి నరకం పుట్టిల్లయింది. జపానుకు వెళ్లిన దారి ఇంతకంటే గౌరవంగా సాగింది. బౌద్ధం వెంట అసురులు, యక్షులు, గంధర్వులు, గరుడులు మొదలైనవాళ్లు ధర్మరక్షకులైన ఎనిమిది గణాలుగా అక్కడికి చేరారు. నారా పట్టణంలోని కొఫుకుజి ఆలయంలో 734 నాటి అసుర విగ్రహం ఉంది. బట్టను లక్కతో పొరలు పొరలుగా అతికించి లోపల బోలుగా చేసినది, ఎత్తు సుమారు 153 సెంటీమీటర్లు. మూడు ముఖాలు, ఆరు సన్నని చేతులు. రెండు చేతులు జోడించి ఉన్నాయి, కనుబొమలు కాస్త ముడిపడ్డాయి. అది పశ్చాత్తాపపడే పిల్లవాడి ముఖంలా ఉంటుంది. 1987లో మొదలైన మెగామి టెన్సెయి ఆటలు ఈ వారసత్వం మీదే నిలబడ్డాయి. వాటిలో శివుడు, కాళి, మిఖాయేలు దూత, ఊరి పిశాచాలు అందరూ అకుమా అన్న ఒకే మాట కింద, వేర్వేరు జాతులుగా సర్దుకుని ఉంటారు. మన దేవుణ్ని దయ్యమన్నారని బాధపడేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయితే ఆ ఆటల్లో ఎవరి దేవుడికీ మినహాయింపు లేదు, యెహోవాకూ లేదు. దైవానికీ దయ్యానికీ మధ్య గీత గీయనని చెప్పిన పట్టిక అది.

మన పద్ధతి మెచ్చుకుంటున్నాను కాబట్టి మన తప్పు దాచకూడదు. వంశవృక్షం గీసిన చేతులే పొరుగువాళ్లను అసురులని, రాక్షసులని పిలిచాయి. తెలుగులో త్రిపురనేని రామస్వామి చౌదరి సూతపురాణంలో ఈ విషయాన్ని సూటిగా నిలదీశాడు. ఆయన చారిత్రక నిర్ణయాలన్నీ నేను ఒప్పుకోను, పురాణపు పేరు ఒక్కొక్కదానికీ ఒక తెగను జతచేయడం అంత తేలిక కాదు. కానీ ఆయన అడిగిన ప్రశ్న, జాబితా రాసింది ఎవరన్నది, తోసేయదగ్గది కాదు. జార్ఖండ్‌లో నేతర్‌హాట్ పీఠభూమి చుట్టుపక్కల అసుర్ అనే ఆదివాసులు ఇప్పటికీ ఉన్నారు. రాయి కరిగించి ఇనుము తీయడం వాళ్ల తాతల నాటి వృత్తి. మహిషాసురుడు తమ పూర్వీకుడని వాళ్లు చెప్పుకుంటారు, దసరా సంబరాలకు దూరంగా ఉండే కుటుంబాలు వాళ్లలో ఉన్నాయి. పురాణాల్లో శత్రువుగా ఉన్న పేరు జనాభా లెక్కల్లో ఒక తెగగా కూడా ఉంది.

ఈ సంగతి తెలిసి కథ రాసిన ఆట ఒకటైనా ఉందని చెప్పాలి. ఎల్డర్ స్క్రోల్స్ ఆటల్లో దేవతలు ఏడ్రాలు, దయ్యాల వంటివాళ్లు డేడ్రాలు. ఆ మాటలకు ఎల్ఫ్‌ల భాషలో అర్థాలు మా పూర్వీకులు, మా పూర్వీకులు కానివారు అని. మంచీ చెడూ అన్న ఊసే ఆ మాటల్లో లేదు, ఉన్నది చుట్టరికం ఒక్కటే. 2002 నాటి మోరోవిండ్‌లో డన్మర్ జాతి ముగ్గురు డేడ్రాలను కొలుస్తుంది, మరో నలుగురిని పీడగా చూస్తుంది. పక్క రాజ్యానికి ఆ ఏడుగురూ దయ్యాలే. దితి, అదితి కథ తెలిసిన తెలుగువాడికి ఇది వెంటనే బోధపడుతుంది. హైదరాబాదు స్టూడియోల్లో మనవాళ్లు విదేశీ ఆటలకు పాత్రలూ బొమ్మలూ చేస్తున్నారు, రేపు మన పురాణాలతో సొంత ఆటలూ చేస్తారు. వాళ్లకు నా మనవి ఒకటే. రాక్షసుడి పేజీ తయారుచేసేటప్పుడు బలానికి, ప్రాణశక్తికి, మాయలకు గడులు పెట్టండి, ఆటకు అవి కావాలి. వాటికి పైన ఇంకొక గడి పెట్టండి. అందులో తల్లి పేరు రాయండి. ఘటోత్కచుడు, తల్లి హిడింబి. రావణుడు, తల్లి కైకసి. హిరణ్యకశిపుడు, తల్లి దితి.